ముప్పై ఏళ్ళ గడువు

తమిళనాడు తీరంలో తరంగంబాడి అనే చిన్న ఊరుంది. డేన్‌మార్క్ వాళ్ళు 1620లో అక్కడ సముద్రానికి ఎదురుగా కోట కట్టుకున్నారు. 1706 జూలైలో జీగెన్‌బాల్గ్, ప్లూచో అనే ఇద్దరు జర్మన్ యువకులు అక్కడే ఓడ దిగారు. దక్షిణ భారతంలో ప్రొటెస్టెంటు మిషన్ల కథ వాళ్ళతోనే మొదలైంది. రెండు వందల ఏళ్ళు గడిచాక, 1919 మే 1, 2 తేదీల్లో, అదే ఊళ్ళో ముప్పై ముగ్గురు పాస్టర్లు సమావేశమయ్యారు. వాళ్ళలో ఇద్దరే తెల్లవాళ్ళు. ఒకరు అమెరికన్ షెర్వుడ్ ఎడ్డీ, ఇంకొకరు లండన్ మిషన్‌లో పనిచేసే హెర్బర్ట్ పాప్లీ. భారతీయ సంగీతం మీద తర్వాత పుస్తకం రాసిన పాప్లీ ఈయనే. మిగతా వాళ్ళందరూ ఈ దేశం వాళ్ళు.

రెండు రోజులు మాట్లాడుకుని వాళ్ళు ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. మన మధ్య ఉన్న చీలికలు మనం తెచ్చుకున్నవి కావు, ఎక్కడో యూరప్‌లో ఎవరో పడ్డ తగాదాలకు మనం వారసులమయ్యాం, ఇక ఒక్కటవుదాం అన్నది దాని సారాంశం. ఆ మాట నిజం కావడానికి 28 ఏళ్ళు పట్టింది. నిజమయ్యాక కూడా మన తెలుగు నేల మీద ఒక మూల మరో 28 ఏళ్ళపాటు విడిగానే ఉండిపోయింది. ఈ సంచికలో చెప్పుకునేది ఆ రెండు ఇరవై ఎనిమిదేళ్ళ కథ.

ముందు అప్పటి పటం ఎలా ఉండేదో చూడాలి. ప్రొటెస్టెంటు మిషన్లు ఒకరి పొలంలో ఒకరు దిగకుండా జిల్లాలు పంచుకున్నాయి. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి. గుంటూరు లూథరన్లది. మచిలీపట్నంలో ఆంగ్లికన్ల, అంటే ఇంగ్లండు సంఘం వాళ్ళ, సొసైటీ సి.ఎం.ఎస్. 1841లో దిగింది. విశాఖపట్నంలో లండన్ మిషన్ 1805లోనే అడుగు పెట్టి, తర్వాత కడప వైపు విస్తరించింది. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు ప్రాంతం ఆంగ్లికన్లలోనే మరో సొసైటీ అయిన ఎస్.పి.జి. చేతిలో ఉంది. మెదక్ చుట్టుపక్కల వెస్లియన్ మెథడిస్టులు. కోస్తా ఉత్తర భాగంలో కెనడా బాప్టిస్టులు. ఏర్పాటు మంచిదే, పోటీ తప్పింది. కానీ ఒక మనిషి లూథరనో బాప్టిస్టో అయ్యేది మార్టిన్ లూథర్ వాదన నచ్చో, బాప్తిస్మం గురించి బాగా ఆలోచించో కాదు. ఊరు ఏ మిషన్ వాటాలో పడిందన్నదే అంతా తేల్చేసేది. గుండ్లకమ్మ ఒడ్డున 1878 జూలై 3న ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళు బాప్టిస్టులయ్యారంటే ఒంగోలులో ఉన్నది జాన్ క్లౌ దొరగారు కాబట్టే.

ఊరు కదలనంత కాలం దీనితో ఇబ్బంది లేదు. రైలొచ్చి ఊళ్ళను కదిలించింది. గనుల్లో పనికి, రైల్వేలో పనికి, పట్నంలో చదువుకు జనం వెళ్ళారు. ఒక మిషన్ ఊళ్ళో పుట్టిన కుటుంబం మరో మిషన్ ఊళ్ళో కాపురం పెట్టింది. ఆదివారం గుడికెళితే పాటలు అవే, బైబిలు అదే. ప్రభు భోజనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చిక్కు. ఆంగ్లికన్ గుడిలో ఆ రొట్టె తీసుకోవాలంటే బిషప్పు చేత కన్ఫర్మేషన్ పొంది ఉండాలి. ఆ కుటుంబం పుట్టిన సంఘంలో అసలు బిషప్పే లేడు.

పాటల మాట వచ్చింది కనుక ఇక్కడ ఒక సంగతి. సంఘాలు ఏకమవడానికి వందేళ్ళ ముందే తెలుగు క్రైస్తవులను ఏకం చేసినవాడు ఒకడున్నాడు. పురుషోత్తమ చౌదరి (1803–1890). బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, బాప్టిస్టుల దగ్గర బాప్తిస్మం పొందాడు. ఆయన రాసిన కీర్తనలు వందకు పైమాటే. అవి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చేరి లూథరన్ గుడిలో, ఆంగ్లికన్ గుడిలో, లండన్ మిషన్ గుడిలో ఒకే రాగంలో వినిపించాయి. రాసినవాడు ఏ మిషన్ అని ఎవరూ అడగలేదు. పూర్తి తెలుగు బైబిలు 1854లో అచ్చయింది, అదీ అందరిదీ. కింద కూర్చున్న జనానికి ఐక్యత కొత్త విషయం కాదనీ, పైన కూర్చున్నవాళ్ళకే అది సమస్య అయిందనీ ఈ వ్యాసకర్త అభిప్రాయం. కాస్త అతిశయోక్తి అయితే కావచ్చు, కానీ తర్వాత జరిగినదంతా దీన్ని బలపరుస్తుంది.

తరంగంబాడిలో సంతకం చేసినవాళ్ళలో అందరికంటే పెద్ద పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్యది. 1874లో తిరునెల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో ఆంగ్లికన్ పాస్టరు కొడుకుగా పుట్టాడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివాడు, వై.ఎం.సి.ఎ.లో ఉద్యోగం చేశాడు. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో తమ సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఒక మిషనరీ సొసైటీ పెట్టుకున్నప్పుడు దాని వెనక ఉన్నవాళ్ళలో ఆయన ఒకడు. విదేశీ సొమ్ము ఒక్క పైసా వద్దన్నారు. వాళ్ళు పని చేయడానికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. అది ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. సింగరేణి బొగ్గు గనులకు దారితీసే రైలు కొమ్మ అక్కడే విడిపోతుంది. 1909లో అజరయ్య ఉద్యోగం వదిలి, భార్య అన్బు మరియమ్మాళ్‌తో స్వయంగా అక్కడికే వచ్చేశాడు. తమిళుడు, ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు నేర్చుకుని, తెలుగు పల్లెల్లో తిరిగాడు.

ఆ మరుసటి ఏడు ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ అజరయ్య చేసిన ప్రసంగం ఈనాటికీ చెప్పుకుంటారు. మిషనరీలు చేసిన త్యాగాలకు కృతజ్ఞత చెబుతూనే, మీరు మాతో కలిసి భోంచేయరు, మమ్మల్ని మీ ఇళ్ళకు పిలవరు, మాకు కావలసింది మీ స్నేహం అని మొహం మీదే అనేశాడు. సభలో కొందరికి చిర్రెత్తుకొచ్చింది. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయనకు బిషప్పు అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుదల లేకపోతే అది జరిగేది కాదు.

డోర్నకల్ బిషప్పుగా ఆయన పని గురించి చెప్పుకోకపోతే ఐక్యత కథ గాల్లో తేలిపోతుంది. ఆయన సంఘంలో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వాళ్ళు. చదువు లేదు, భూమి లేదు, ఊరి చివర నివాసం. వాళ్ళ దగ్గర కానుక అడగకూడదని జాలిపడినవాళ్ళు చాలామంది. అజరయ్య ఆ జాలిని ఒప్పుకోలేదు. అన్నం వండేటప్పుడు ఇంటి ఇల్లాలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయాలి. ఆదివారం ఆ బియ్యం గుడికి రావాలి. పిడికెడు బియ్యం అనే ఈ అలవాటు తెలుగు సంఘాల్లో ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, దాని మీదే ఎన్నో పల్లె సంఘాలు ఉపదేశికి తిండి పెట్టాయి. ఇచ్చే చెయ్యి పుచ్చుకునే చెయ్యిలా బతకదని అజరయ్య లెక్క. క్రైస్తవ దానం మీద ఆయన పుస్తకమే రాశాడు.

రెండో అలవాటు ఇంకా సూటిగా ఉంటుంది. బాప్తిస్మం తీసుకున్న ప్రతి మనిషీ, అక్షరం రాని కూలీ అయినా సరే, తన చేతిని తన నెత్తి మీదే పెట్టుకుని సువార్త చెప్పే పూచీ తనదేనని ఒట్టు వేయాలి. పాస్టరు నెత్తి మీద బిషప్పు చెయ్యి పెట్టి అభిషేకిస్తాడు, ఇక్కడ ఎవరి చెయ్యి వాళ్ళ నెత్తి మీదే. రాబోయే ముప్పై ఏళ్ళలో పండితులంతా కొట్టుకున్నది సరిగ్గా ఈ చేతుల గురించే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే బిషప్పు దగ్గర. 1908లోనే ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్ళు కలిసి దక్షిణ భారత ఐక్య సంఘం అని ఒకటి ఏర్పరచుకున్నారు. పోలిక ఉన్నవాళ్ళు, సులువుగానే కలిశారు. వాళ్ళకు బిషప్పులు లేరు. వాళ్ళ పాస్టర్లను తోటి పాస్టర్లే అభిషేకించారు. ఆంగ్లికన్లకేమో అపొస్తలుల కాలం నుంచి ఒక బిషప్పు చేతి నుంచి ఇంకో బిషప్పు చేతికి తెగకుండా వచ్చిన వరుస ఉంది. ఆ వరుసలో లేని పాస్టరు ఇచ్చిన ప్రభు భోజనం చెల్లుతుందా? చెల్లుతుందంటే ఆంగ్లికన్లలో ఒక వర్గం తిరగబడుతుంది. చెల్లదు, మళ్ళీ అభిషేకం చేయించుకోండి అంటే అవతలివాళ్ళు లేచి వెళ్ళిపోతారు. నలభై ఏళ్ళుగా వేలమందికి బాప్తిస్మమిచ్చిన అయ్యగారిని పిలిచి, మీరు చేసిందంతా ఉత్తదే, రండి, మొదటినుంచి మొదలుపెడదాం అని ఎవరనగలరు?

తరంగంబాడిలో దీనికి తోచిన ఉపాయం భలే ఉంటుంది. బిషప్పు ఉండాలి, అది అందరూ ఒప్పుకుంటారు. ఎందుకుండాలి అన్న సిద్ధాంతం మాత్రం ఎవరి మీదా రుద్దరు. పదవి ఉంటుంది, దాని మీద వ్యాఖ్యానం ఎవరిష్టం వారిది. సిద్ధాంతులకు ఇది దాటవేతలా కనిపించింది. పల్లెల్లో తిరిగేవాళ్ళకు ఇది ఊపిరి.

1920లో బెంగుళూరులో రెండు సంఘాల సంయుక్త కమిటీ కూర్చుంది. 1925లో వెస్లియన్ మెథడిస్టులు చేరారు. ఇక సభలు, ముసాయిదాలు, సవరణలు. ఒక సభలో తేలిందనుకున్నది తర్వాతి సభలో లేచి నిలబడేది. బొంబాయి బిషప్పు ఎడ్విన్ పామర్ లాంటి ఆంగ్లికన్ పండితులు, పసుమలైలో ఉండే అమెరికన్ బాన్నింగా లాంటివాళ్ళు ఓపికగా ఏళ్ళ తరబడి ఆ కాగితాలు చెక్కారు. 1929లో పథకం మొదటిసారి అచ్చయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు తిరగరాశారో చెప్పుకుంటూ పోతే పాఠకులకు విసుగు. అందుకని అందులోని రెండు ముఖ్యమైన అంశాల దగ్గర మాత్రం ఆగుదాం.

ఒకటి, మాట ఇవ్వడం. ఏ సంఘానికైనా అలవాటు లేని ఆరాధన పద్ధతిని గానీ, మనస్సాక్షి ఒప్పుకోని పాస్టరును గానీ బలవంతంగా అంటగట్టబోమని అందరూ ఒకరికొకరు హామీ ఇచ్చుకున్నారు. రెండోది, గడువు. కలిసిన రోజు నుంచి కొత్తగా అభిషేకం పొందే ప్రతి పాస్టరునూ బిషప్పే అభిషేకిస్తాడు. అప్పటికే ఉన్నవాళ్ళు మాత్రం ఎవరి చేత అభిషేకం పొందినా సరే, ఉన్నవాళ్ళు ఉన్నట్టే పూర్తి హక్కులతో కొనసాగుతారు. ముప్పై ఏళ్ళు గడిచాక, ఈ మినహాయింపులు ఇంకా ఉండాలా వద్దా అన్నది అప్పటి సంఘం తేల్చుకుంటుంది.

ఈ రెండో అంశం దగ్గరే మొత్తం పథకం తెలివి కనబడుతుంది. తేలని ప్రశ్నను తేలనట్టే ఉంచి కాపురం మొదలుపెట్టడం. ముప్పై ఏళ్ళలో పాత పాస్టర్లు రిటైరవుతారు, కొత్తవాళ్ళు వస్తారు, పిల్లలు ఒకే గుడిలో పెరుగుతారు. వాదన గెలవనక్కరలేదు, కలిసి బతికితే చాలు, కాలమే సగం పని చేస్తుంది. ఇంగ్లండులో కూర్చున్నవాళ్ళకు ఇదే పెద్ద అభ్యంతరమైంది. కవి టి.ఎస్. ఎలియట్ ఆంగ్లికన్లలో సనాతన వర్గం మనిషి. 1943లో ఈ పథకాన్ని దుయ్యబడుతూ ఏకంగా ఒక కరపత్రమే రాశాడు. దాని పేరు రీయూనియన్ బై డిస్ట్రక్షన్. కలపడం పేరుతో ధ్వంసం చేస్తున్నారన్నమాట. లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో ఒక మహాకవి దక్షిణ భారత పల్లె పాస్టర్ల అభిషేకం గురించి అంత ఆందోళన పడ్డాడంటే, ఇక్కడి విషయం అక్కడ ఎంత కలవరం రేపిందో ఊహించుకోవచ్చు.

అజరయ్యకు ఈ ఆలస్యం కంటగింపుగా ఉండేది. 1927లో స్విట్జర్లాండులోని లోసాన్‌లో ప్రపంచ సంఘాల సమావేశం జరిగినప్పుడు ఆయన ఆ మాటే చెప్పాడు. మీ దేశాల్లో ఐక్యత ఒక ఆదర్శం కావచ్చు, మాకది ప్రాణావసరం, మీకు చీలికలు బలహీనత, మాకు పాపం, తలవంపులు అన్న అర్థంలో. 1935 అక్టోబరులో యేవలాలో అంబేడ్కర్, తాను హిందువుగా చనిపోనని ప్రకటించాక ఈ తలవంపులు మరీ దగ్గరగా వచ్చాయి. ఆ తర్వాత అంబేడ్కర్‌తో అజరయ్యకు జరిగిన ఒక సంభాషణను ఆయన జీవితచరిత్రల్లో ప్రస్తావిస్తారు. మా వాళ్ళు ఇప్పుడు దేశమంతా ఒకే సమూహంగా ఉన్నారు, క్రైస్తవులైతే మేం ఏ సంఘంలో చేరాలి, ఊరికో సంఘంగా చీలిపోవాలా అన్నది అంబేడ్కర్ ప్రశ్న అట. అజరయ్య దగ్గర జవాబు లేదు.

నిజానికి ఆయన ఇంట్లోనూ సమాధానం అంత సులువు కాదు. డోర్నకల్ సంఘంలో మాలలు, మాదిగలు ఒకే గుడిలో ఒకే పాత్రలో తాగారు, ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. కానీ పదవులు, బళ్ళు, ఉద్యోగాల దగ్గర పాత గీతలు మళ్ళీ తేలాయి. తమను పట్టించుకోవడం లేదని మాదిగ క్రైస్తవుల్లో అసంతృప్తి రగిలింది, అజరయ్య చివరి దశాబ్దంలో అది ఆయన్ను బాగా నొప్పించింది. యూరప్ నుంచి వచ్చిన చీలికలను మనవి కావన్నారు, బాగుంది. ఇక్కడ పుట్టిన చీలిక మీద తరంగంబాడి ప్రకటన లాంటిది ఎవరూ రాయలేదు. ఐక్య సంఘం కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఈ పేజీ తిప్పేస్తారు.

1939 జనవరి 6న డోర్నకల్‌లో ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. కట్టడానికి పాతికేళ్ళ దాకా పట్టింది. గుమ్మటాలు, మినార్లు చూస్తే మసీదు గుర్తుకొస్తుంది, లోపలి స్తంభాలు చూస్తే దేవాలయ మంటపం. గోతిక్ గోపురం కట్టమని వచ్చిన సలహాలను అజరయ్య పక్కన పెట్టాడు. అప్పటికే మెదక్‌లో మెథడిస్టుల చార్లెస్ పాస్నెట్ నూట డెబ్భై అడుగుల పైచిలుకు గోపురంతో, పూర్తి ఇంగ్లీషు పద్ధతిలో, మహా కెథడ్రల్ కట్టించి 1924 క్రిస్మసు రోజున తెరిచారు. కరువు రోజుల్లో కూలి పని దొరికిన వేల కుటుంబాల చెమట దానిలో ఉంది. రెండు గుళ్ళూ రెండు అభిరుచులు. 1947 తర్వాత రెండూ ఒకే సంఘానివి.

అజరయ్య ఆ రోజు చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. అదే నెలలో ఆంగ్లికన్ల సర్వసభ సుదీర్ఘ వాదోపవాదాల తర్వాత పథకానికి ఓటేసింది. కొన్ని వారాల తేడా! మెథడిస్టులు 1943లోనే సరేనన్నారు. అందరికంటే చివర 1946లో దక్షిణ భారత ఐక్య సంఘం తలూపింది.

1947 సెప్టెంబరు 27, శనివారం. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఆరు వారాలు. ఉత్తరాదిన ఇంకా నెత్తురు ఆరలేదు, విభజన రైళ్ళు నడుస్తున్నాయి. మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్ కిక్కిరిసిపోయింది. తిరువాన్కూరు కొచ్చిన్ బిషప్పు సి.కె. జాకబ్ అధ్యక్షత వహించి, మూడు సంఘాలు ఒక్కటైనట్టు ప్రకటించాడు. అదే రోజు తొమ్మిదిమంది కొత్త బిషప్పులను అభిషేకించారు. వాళ్ళలో కొందరు మొన్నటి దాకా బిషప్పులు ఎందుకని అడిగిన సంఘాల నుంచి వచ్చినవాళ్ళే. మదురై-రామనాడుకు నియమితుడైన స్కాట్లండు ప్రెస్బిటీరియన్ లెస్లీ న్యూబిగిన్‌కు అప్పుడు 37 ఏళ్ళు. మెదక్‌కు మెథడిస్టు ఫ్రాంక్ విటేకర్. కృష్ణా-గోదావరికి వై. ముత్యాలు. డోర్నకల్‌లో అజరయ్య తర్వాత బిషప్పయిన ఎలియట్ (కవి ఎలియట్ కాదు) అలాగే కొనసాగాడు. సుమారు పది లక్షలమంది సభ్యులతో, శ్రీలంకలోని జాఫ్నాతో కలిపి పద్నాలుగు బిషప్పు మండలాలతో, దక్షిణ ఇండియా సంఘం, జనం నోట సి.ఎస్.ఐ., పుట్టింది. బిషప్పులున్న సంఘం బిషప్పులు లేని సంఘాలతో ఇలా పూర్తిగా కలిసిపోవడం ప్రొటెస్టెంటు సంస్కరణోద్యమం తర్వాత ప్రపంచంలో ఇదే మొదలు.

కాగితం మీద కలిశారు సరే. గుడిలో?

ఇక్కడి నుంచే అసలు ఎదుగుదల మొదలైంది. మొదట్లో ఎవరి ప్రార్థన పుస్తకం వాళ్ళదే. ఆంగ్లికన్ గుడిలో అచ్చు ప్రార్థనలు, లండన్ మిషన్ గుడిలో అయ్యగారు కళ్ళు మూసుకుని సొంతంగా చేసే దీర్ఘ ప్రార్థన. 1950 జనవరిలో మదురైలో జరిగిన సినడ్ కోసం లెస్లీ బ్రౌన్ నాయకత్వంలో ఒక కమిటీ కొత్త ప్రభు భోజన క్రమం తయారుచేసింది. పాతవాటిని అతికించకుండా, తొలి శతాబ్దాల ఆరాధన ఎలా ఉండేదో చూసి కొత్తగా రాశారు. పాస్టరు బల్లకు అవతల నిలబడి జనం వైపు మొహం పెడతాడు. అంతకుముందు వీపు జనం వైపు ఉండేది. రొట్టె, ద్రాక్షారసం సంఘస్థులే మోసుకొచ్చి బల్ల మీద పెడతారు. మధ్యలో అచ్చు ప్రార్థనతో పాటు సొంత మాటల్లో ప్రార్థించడానికీ చోటు ఉంచారు.

అన్నిటికంటే అందమైనది సమాధానం అందించడం. కేరళ సిరియన్ క్రైస్తవుల నుంచి తీసుకున్నారు. పాస్టరు పక్కవాడి చేతుల్ని తన రెండు చేతుల మధ్య పట్టుకుంటాడు, ఆ మనిషి వెనక్కి తిరిగి తర్వాతి వరసలో మొదటివాడికి అలాగే ఇస్తాడు, అలా వరస తర్వాత వరస గుడి చివరి దాకా వెళ్తుంది. మాటలక్కర్లేదు. పక్కన కూర్చున్నది ఎవరో, ఏ కులమో, ఏ మిషన్ బిడ్డో చూసుకునే వీలు లేదు, చెయ్యి ఇవ్వాల్సిందే. తరతరాలుగా ఒకరి చెయ్యి ఒకరు ముట్టుకోని ఊళ్ళలో ఇది ఎలాంటి పాఠమో వేరే చెప్పాలా?

1963లో వచ్చిన సామాన్య ఆరాధన గ్రంథంలో మెథడిస్టుల నిబంధన ఆరాధన కూడా చేరింది. ఏడాది మొదట్లో దేవుడితో ఒప్పందాన్ని సంఘమంతా నిలబడి కొత్తగా చేసుకునే ఆరాధన అది. వెస్లీ పేరు కూడా వినని పాత ఆంగ్లికన్ కుటుంబాలు దాన్ని సొంతం చేసుకున్నాయి. ఎదుటివాడి దగ్గర ఉన్న మంచిదేదో తెచ్చుకోవడం, తన దగ్గరున్నది ఇవ్వడం. ఎడిన్‌బరోలో అజరయ్య అడిగిన స్నేహం ఇంతకంటే వేరే ఏమీ కాదు.

ఇంగ్లండు మాత్రం మూతి ముడుచుకునే ఉంది. ప్రపంచ ఆంగ్లికన్ బిషప్పులు కూర్చునే లాంబెత్ సభ 1948లో ఈ కొత్త సంఘాన్ని పూర్తిగా ఒప్పుకోలేదు. మొన్నటి దాకా ఆంగ్లికన్ బిషప్పులైనవాళ్ళు ఇప్పుడు ఆ కుటుంబానికి బయటివాళ్ళు. 1955 జూలైలో ఇంగ్లండు సంఘపు కాంటర్‌బరీ, యార్క్ సభలు, ఐక్యత తర్వాత సి.ఎస్.ఐ.లో జరిగిన అభిషేకాలను గుర్తించాయి. లాంబెత్ సభలో సి.ఎస్.ఐ. బిషప్పులు పూర్తి సభ్యులుగా కూర్చోవడానికి 1988 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక నంద్యాల. అక్కడి ఎస్.పి.జి. సంఘాలు 1947లో సి.ఎస్.ఐ.లో చేరబోమన్నాయి. అందరూ కాదు, కానీ పెద్ద సంఖ్యలోనే. అక్కడి మిషనరీలు నేర్పిన ఆంగ్లికన్ విశ్వాసం బిషప్పు వరుసకు చాలా గట్టి విలువ ఇచ్చింది. బిషప్పు చెయ్యి లేని పాస్టరు బల్ల దగ్గర నిలబడితే వాళ్ళకు మనసొప్పలేదు. వాళ్ళను మూర్ఖులనడం తేలిక. నిజం చెప్పాలంటే, పథకం ఇచ్చిన హామీనే వాళ్ళు వాడుకున్నారు, మనస్సాక్షి ఒప్పుకోనిది అంటగట్టొద్దన్నారు, అంతే. బళ్ళూ హాస్టళ్ళూ నడిచింది ఆ సొసైటీ నిధుల మీదే అన్న లెక్క కూడా కొందరి మనసుల్లో ఉండే ఉంటుంది. ఫలితం చిత్రంగా ఉండేది. చుట్టూ అంతా సి.ఎస్.ఐ., మధ్యలో ఒక ఆంగ్లికన్ ద్వీపం. బంధువులు గట్టుకు అటూ ఇటూ ఉన్నారు. పెళ్ళికి పిలుపులు ఆగలేదు, ప్రభు భోజనం దగ్గరే ఇబ్బంది. 1963లో నంద్యాల ప్రత్యేక ఆంగ్లికన్ మండలమైంది. 1970లో ఉత్తరాదిన ఐక్య సంఘం, సి.ఎన్.ఐ., ఏర్పడినప్పుడు దానికి జతపడింది. రాయలసీమ నడిబొడ్డున ఒక తెలుగు మండలం, పెత్తనం మాత్రం ఉత్తర భారత సంఘానిది!

1975లో నంద్యాల సి.ఎస్.ఐ.లో చేరింది. ఎవరూ ఎవరినీ వాదించి గెలవలేదు. అప్పటికి 1947 నాటి పాస్టర్లు చాలామంది రిటైరయ్యారు, కొందరు పోయారు. 28 ఏళ్ళుగా వచ్చిన కొత్తవాళ్ళంతా బిషప్పు చేతి కింద అభిషేకం పొందినవాళ్ళే. అభ్యంతరానికి ఆధారమే మిగల్లేదు. మరో రెండేళ్ళకు, 1977లో, ముప్పై ఏళ్ళ గడువు తీరింది. ఇంగ్లండులో కవులు, పండితులు అంత భయపడ్డ ప్రశ్న అప్పటికి ఎవరి నిద్రా చెడగొట్టని స్థితికి వచ్చేసింది.

2013 సెప్టెంబరులో సి.ఎస్.ఐ. చరిత్రలోనే తొలి మహిళా బిషప్పుగా ఇ. పుష్పలలిత అభిషేకం పొందారు. ఆమె మండలం నంద్యాల. ఎవరి చెయ్యి ఎవరి నెత్తి మీద అన్న ప్రశ్నతో ఇరవై ఎనిమిదేళ్ళు బయట నిలబడిన చోటే, పురుషుల చేతుల్లో మాత్రమే ఉన్న పదవి మొదటిసారి ఒక స్త్రీకి దక్కింది. ఆమెకు ముందు ఏ సి.ఎస్.ఐ. మండలమూ ఆ పని చేయలేదు.

గుంటూరు లూథరన్లు, ఒంగోలు, కాకినాడ బాప్టిస్టులు మాత్రం ఇప్పటికీ విడిగానే ఉన్నారు. 1948 నుంచి లూథరన్లతో చర్చలు నడిచాయి, సిద్ధాంతంలో చాలావరకు ఏకాభిప్రాయం కుదిరింది, సంఘాలు మాత్రం కలవలేదు. బాప్టిస్టులకు పసిపిల్లల బాప్తిస్మం ఒప్పుకోవడం కష్టం. అయితే 1964లో వీళ్ళంతా కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల పెట్టుకున్నారు. తర్వాత అది హైదరాబాదుకు మారింది. రేపు వేర్వేరు గుళ్ళలో నిలబడబోయే లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు, సి.ఎస్.ఐ. పాస్టర్లు ఒకే తరగతి గదిలో, ఒకే హాస్టల్లో నాలుగేళ్ళు గడుపుతారు. అక్కడ జరిగిన చర్చలు, విఫలమైన విలీన యత్నాలు వచ్చే సంచికలో.